‘తాయారు’ పడవలో కొత్త పాట

కళింగపట్నంలో పడవల షెడ్డు దగ్గర దిగేసరికి కూర్మనాథానికి ముందు విశాలి తెల్లకారు కనిపించింది. పడవ ఆ తరవాత కనిపించింది. అప్పటికే ఆయన మనసు పాడైపోయింది.

ఆ కారు కొత్తది. అద్దానికింకా షోరూం వాళ్ళు కట్టిన రిబ్బను ముక్క వేలాడుతోంది. ఆరేళ్ళ క్రితం శ్రీకాకుళంలో ఆయన డిటెక్టివ్ ఆఫీసు గుమ్మంలో నిలబడి, “మాస్టారూ, పని నేర్పండి” అని అడిగిన విజయనగరం పిల్ల ఇప్పుడు విశాఖలో సొంత సంస్థ పెట్టి బీమా కంపెనీలకి దర్యాప్తులు చేసిపెడుతోంది. పోయిన నెల టీవీ వాళ్ళెవరో “మీ గురువెవరండీ” అని అడిగితే, “అనుభవమేనండీ” అని నవ్వింది. ఆ వీడియోని కూర్మనాథం ఎన్నిసార్లు చూశాడో ఆయన భార్యకి మాత్రమే తెలుసు. ఆవిడ కూడా చివరికి విసుక్కుని ఫోను లాగేసుకుంది.

ఆయన వచ్చింది ఉపేంద్ర కోసం. ఆమదాలవలస రైసుమిల్లు యజమాని పృథ్వీరాజ్ పోయిన ఆదివారం తెల్లారుతూనే తన మోటారు పడవ వేసుకుని, వంశధార సముద్రంలో కలిసే మొగ దాటి వెళ్ళాడు. మంచు దట్టంగా దిగింది. తిరిగొస్తూ దారి తప్పి, ఇసకమేట మీద విరుచుకుపడే అలల్లోకి పోయాడు. పడవ బోల్తా కొడితే జాలర్లు ఒడ్డుకి లాగి షెడ్డులో పెట్టారు. మనిషి మర్నాడు శవమై దొరికాడు. ఊరంతా ప్రమాదమే అనుకుంది. నిన్న బీమా కంపెనీ తరఫున విశాలి వచ్చి హత్య అంది. పడవలో పాటల సెట్టు మార్చి కొత్తది బిగించిన ఉపేంద్రని సాయంత్రానికల్లా పోలీసులు పట్టుకెళ్ళారు. ఈ మధ్యాహ్నం అతన్ని కోర్టులో పెడతారు.

ఈ పొద్దున్న ఉపేంద్ర భార్య ఆశ్రిత వచ్చి కూర్మనాథం వరండాలో కూర్చుంది. ఏడవలేదు. “ఆయన చెయ్యలేదండి. ఆ సంగతి నాకు తెలుసు” అని రెండుసార్లు అంది. భర్తల గురించి భార్యలు అలాగే అంటారు గనక కూర్మనాథం ఆ మాటని పెద్దగా పట్టించుకోలేదు. కేసు ఒప్పుకున్నాడు. విశాలి చెప్పింది తప్పని తేల్చే అవకాశం కూడా దొరికిందని లోపల్లోపల సంతోషించాడు. ఆ ముక్క ఆశ్రితకి చెప్పలేదనుకోండి.

షెడ్డులో సి.ఐ. గంగరాజు రుమాలు తీసి విశాలి కోసం కుర్చీ దులుపుతున్నాడు. కూర్మనాథానికి అతను ఎంతో కాలంగా స్నేహితుడు. ఒక్కనాడూ కుర్చీ దులిపిన పాపాన పోలేదు.

“రండి కూర్మనాథంగారూ. మీరొస్తారనే అనుకుంటున్నాను,” అంది విశాలి. మాస్టారన్న మాట ఎప్పుడో జారిపోయింది.

“అనుకుంటే ఆగాల్సింది. ఏమేం కదిపేశావు?”

“ఏమీ కదపలేదండి. ముందు చూడు, తరవాత వాసన చూడు, ఆఖర్న ముట్టుకో. నేను అందరికీ అదే చెప్తాను.”

ఆ మూడు మాటలూ కూర్మనాథంవి. ఆమె నోట్లో పడి ఆమెవైపోయాయి. ఆయన పళ్ళు బిగించి పడవ ఎక్కాడు.

పడవ పేరు ‘తాయారు’. పృథ్వీరాజ్ తల్లి పేరది. విశాఖలో ఎవరో సరదా తీరాక అమ్మేసిన ఫైబరు పడవ, రంగు వెలిసి అంచుల్లో పగుళ్ళు పట్టింది. ముసలి పడవకి కుర్రకారు సోకులన్నట్టు లోపల మాత్రం కొత్త స్పీకర్లు తెల్లగా మెరుస్తున్నాయి. రెండు పక్కగోడలకి చెరొకటీ ఉన్నాయి. నడిపేవాడి ముందు, దిక్సూచిని ఆనుకుని, నల్లటి పెట్టె ఒకటి ఉంది. బేసు స్పీకరు అందులో ఉంటుంది.

విశాలి తన బ్యాగులోంచి చిన్న దిక్సూచి తీసి అరచేతిలో పెట్టుకుంది.

“ఇదిగోండి, ఉత్తరం. ఇప్పుడు చూడండి.” చెయ్యి పెట్టె దగ్గరికి తెచ్చింది. ముల్లు వణికి, మెల్లగా తిరిగి, పెట్టెకేసి నిలబడింది. “లోపల తాటిపండంత అయస్కాంతముంది. పడవ దిక్సూచికీ ఇదే గతి పట్టింది. మంచులో ఆయన మొగవైపు తిప్పాననుకుని ఇసకమేట మీదికి తిప్పారు. ఫోను ఇంట్లోనే పడేసి పడవెక్కారు. ఇంక దేన్ని చూసి నడుపుతారు?”

గంగరాజు ఆహా అన్నట్టు తలాడించాడు. కూర్మనాథం ముల్లునే చూస్తూ ఉండిపోయాడు. ఆమె చెప్పింది నిజం. తనకి తట్టేదా అని నిజాయితీగా అడుక్కుని చూశాడు. తట్టేది కాదు. 

“తన దుకాణం పేరు అచ్చేసిన పెట్టెతో ఎవడైనా మనిషిని చంపుతాడా? ఉపేంద్ర అంత తెలివితక్కువవాడా?”

“ప్రమాదం అనుకుంటారనుకున్నాడు. అనుకున్నారు కూడా, నేనొచ్చేదాకా.”

“ఎందుకు చంపాడమ్మా?”

“యమునగారి కోసం. పృథ్వీరాజ్ గారి భార్య బాగా పాడతారు కదా. ఆవిడ పాటలన్నీ రికార్డు చేసింది ఇతనే. జనం చెవులు కొరుక్కుంటూనే ఉన్నారు. అసూయ, కూర్మనాథంగారూ. ఆ భర్త కూర్చున్న చోటు మీద అసూయ.”

“అసూయ గురించి నీకేం తెలుసు?”

“దగ్గర్నుంచి చూసి నేర్చుకున్నాను,” అంది విశాలి, ఆయన మొహంలోకే చూస్తూ.

గంగరాజుకి ఉన్నట్టుండి సముద్రం మీద ఆసక్తి పుట్టి అటు తిరిగాడు. కూర్మనాథం మొహం కందగడ్డైంది. షెడ్డు కాపలావాడు లక్ష్ముణ్ణి పిలిచాడు.

“పెట్టె ఇక్కడ ఎప్పుడు బిగించారు?”

“శుక్రారం ఉపేంద్రబాబు బిగించినప్పుడు ఎనక సీటు కిందున్నాది బాబూ. శనారం ఆ బాబు ఇంటోళ్ళొచ్చి ముందరికి మార్సినారు. యమునమ్మగారికి సరిగ్గా ఇనపడతం నేదంట. నాను తాళం తీసిచ్చీసి టీకి ఎల్పోనాను.”

“ఆ వాంగ్మూలం నేను నిన్ననే తీసుకున్నానండి,” అంది విశాలి. “వచ్చింది ఉపేంద్ర మనుషులు. ముందు అందరి ఎదటా మర్యాదగా వెనక బిగించాడు. మర్నాడు కుర్రాళ్ళని పంపి జరిపించాడు. వాళ్ళెవరో చెప్పమంటే, ఎవరినీ పంపలేదంటున్నాడు.”

ఎంతమంది వచ్చారు, ఎలా ఉన్నారు అని కూర్మనాథం అడగాల్సింది. తన దగ్గర పని నేర్చుకునేవాళ్ళు ఆ ప్రశ్న మరిచిపోతే వాళ్ళకి ఆ రోజు టీ ఇప్పించేవాడు కాదు. కానీ విశాలి ఎదటే విశాలి సాక్షిని మళ్ళీ అడగడం నామోషీ అనిపించింది. లక్ష్ముణ్ణి వదిలేసి వెనక సీటు దగ్గరికి నడిచాడు.

సీటు కింద పలకకి నాలుగు మూలలా నాలుగు మరమేకుల కన్నాలున్నాయి. నాలుగింటినీ ఎవరో నల్లటి పదార్థంతో పూడ్చి, బొటనవేలితో నున్నగా అదిమారు. అక్కణ్ణుంచి పెట్టె దాకా వైరు చాలక వేరే ముక్క అతికారు. అతుకు మీద కూడా అదే నలుపు.

“డాంబరు,” అంది విశాలి వెనకనుంచి. “పడవలవాళ్ళు ప్రతిదానికీ అదే పూస్తారు.”

కూర్మనాథం గోటితో కొంచెం గీకి వేళ్ళ మధ్య నలిపాడు. డాంబరైతే చేతికి జిడ్డుగా అంటుకుంటుంది. ఇది వేలి వెచ్చదనానికి మెత్తబడి చిన్న ముద్దయింది. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తేనెపట్టు వాసన, దాని వెనక గుగ్గిలం. ఎక్కడో ఎరిగిన వాసనే. ఎక్కడో గుర్తు రాలేదు. విశాలి వైపు చూశాడు. ఆమె చూసింది, ముట్టుకోలేదు, వాసన చూడలేదు. చెబుదామా అనుకున్నాడు. చెప్పబుద్ధి కాలేదు. ముద్దని రుమాల్లో చుట్టి జేబులో వేసుకున్నాడు.

“డాంబరే అయ్యుంటుంది,” అని దిగిపోయాడు.

ఆమదాలవలస వెళ్ళి యమున వాంగ్మూలం తీసుకోవాలని విశాలి తన కారెక్కింది. కూర్మనాథం గంగరాజు జీపు వెనకే శ్రీకాకుళం స్టేషనుకి వచ్చి, పాత స్నేహాన్ని అడ్డం పెట్టుకుని ఉపేంద్రతో మాట్లాడడానికి అనుమతి సంపాదించాడు. తలుపు దగ్గర ఒక కానిస్టేబులు నిలబడ్డాడు.

ఉపేంద్రకి నలభై దాటవు. సంగీతం ఇంట పుట్టి, పాడడం అబ్బక, పాడేవాళ్ళకి మైకులు పెట్టడంలో స్థిరపడ్డవాడు. రాత్రంతా నిద్ర లేక కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మెత్తగా మొదలుపెడదామని కూర్మనాథం సెట్టు సంగతి అడిగాడు. అంత కష్టంలోనూ అతని గొంతులో ఉత్సాహం వచ్చేసింది.

“ఏటి సెట్టండీ అది, కేసెట్ల కాలంది. స్పీకర్లలో కాయితం ఉప్పుగాలికి కుళ్ళిపోనాది. వైర్లు చూస్తే పచ్చగా చిలుమెక్కేసినాయి. పాట పెడితే బేటరీ దిగిపోయి ఇంజను స్టార్టయ్యేది కాదు. నేను పాటకి వేరే బేటరీ పెట్టినాను. చిలుం పట్టకుండా తగరం పూత వైరు లాగినాను. నీళ్ళు పడ్డా పాడవని స్పీకర్లు. బేసు పెట్టె మాత్రం ఎనక సీటు కింద, కంపాసుకి దూరంగా పెట్టినాను.”

“అంత దూరం ఎందుకు?”

“అయస్కాంతం కదండీ. కంపాసు పక్కన పెడితే పడవ దారి తప్పుతాది. ఆ మాట గురువారం అన్నం తింటూ కూడా చెప్పినాను.”

“ఎవరితో?”

“ఇంట్లో అన్నం తింటూ ఎవరితో చెప్తానండీ. మా ఇంట్లోవాళ్ళతోనే.”

“ఇంట్లోవాళ్ళంటే?”

ఉపేంద్ర ఆయన్ని వింతగా చూశాడు. “ఆశ్రితండి. ఇంకెవరున్నారు మాకు.”

పెళ్ళాం పేరు నలుగురిలో పలకడానికి మొహమాటపడే మగవాళ్ళందరూ అనే మాటే అది. ఒక్క మనిషిని పదిమందిని చేసి చెప్పే మర్యాద. కూర్మనాథం చెవిలో లక్ష్ముడి గొంతు మళ్ళీ పలికింది. ఆ బాబు ఇంటోళ్ళొచ్చి మార్సినారు. మనుషులూ కాదు, కుర్రాళ్ళూ కాదు. ఎంతమందొచ్చారు, ఎలా ఉన్నారు అని అప్పుడే అడిగి ఉంటే తేలిపోయేది.

మొహంలో ఏమీ కనబడనీకుండా తరవాతి ప్రశ్న వేశాడు.

“ఆ పడవ మామూలుగా నడిపేదెవరు?”

“యమునగారేనండి. వారానికోసారి, ఆదివారం తెల్లారకట్ల ఒక్కరూ సముద్రంలోకి ఎల్లి సాధన చేసుకుంటారు. అక్కడైతే ఎంత గొంతెత్తినా అడిగేవోళ్ళుండరని. తంబురా శ్రుతి నిండుగా మోగాలనే కొత్త సెట్టు పెట్టించుకున్నారు. ఆయన ఎప్పుడో కాని ఎక్కరు.”

“మరి ఈ ఆదివారం ఆయనెందుకు వెళ్ళాడు?”

“ఆవిడికి గొంతు బొంగురుపోయిందంట. శనివారం రాత్రి ఆయనే ఫోను చేసినారు. రేపు నేనెల్తాను, నీ పెట్టె ఎలా మోగుతాదో చూస్తాను అని.”

“ఆ సంగతి ఆశ్రితకి చెప్పావా?”

“లేదండి. అప్పటికి ఆమె నాతో మాట్లాడ్డం మానేసినాది.”

అంటే ఆదివారం పడవెక్కేది యమునే అని ఆశ్రిత అనుకుంది. పోలీసులూ విశాలీ చచ్చిపోయినవాడి శత్రువుల కోసం వెతికి ఉపేంద్ర దగ్గర ఆగారు. చావాల్సిన మనిషి బతికే ఉందని ఎవరికీ తట్టలేదు. కూర్మనాథం కుర్చీ ముందుకి జరుపుకున్నాడు.

“ఉపేంద్రా, సెట్టు బిగించాక మోగించి చూడ్డానికి ప్రతివాడికీ ఒక పాటుంటుంది. నీదేమిటి?”

“ఆశ్రిత వీణండి. మా మామగారు గజపతినగరంలో వీణలు బాగుచేస్తారు, ఆమెకి అక్కడే అబ్బింది. పెళ్ళయిన కొత్తలో నేనే రికార్డు చేసినాను. అందులో ప్రతి మీటూ నాకు కంఠతా వచ్చు. అందుకే సెట్టులో లోపముంటే ఇట్టే దొరికిపోతాది. గుడిలో పెట్టినా, పెళ్ళిపందిట్లో పెట్టినా ముందు అదే మోగాల.”

“పడవలో కూడా అదే పెట్టావా?”

ఉపేంద్ర తల దించుకున్నాడు. 

“యమునగారి పాట పెట్టినానండి. పడవ ఆవిడది కదా, సంతోషిస్తారని. అంతకు మించి మా మధ్య ఏటీ లేదు, దేవుడి మీద ఒట్టు. శుక్రవారం ఆశ్రిత కూడా వొచ్చింది. స్పీకరుకి ఎదురుగా కూర్చుంది, తన వీణే మోగుతాదని. పాట మొదలవగానే లేచి ఒడ్డుకి ఎల్పోయింది. ఇంటికెళ్ళాక ఒక్కమాట అడిగింది, నా వీణలో ఇప్పుడేం లోపం దొరికింది అని.”

“అనుభవమేనండీ” అని నవ్విన మొహం కూర్మనాథం కళ్ళ ముందుకి వచ్చింది. ఆ వీడియో చూసిన రాత్రి విశాలి కేసొకటి బోల్తా కొడితే బాగుండునని ఆయన మనసారా కోరుకున్నాడు. కోరుకుని ఊరుకున్నాడు. ఊరుకోలేని మనిషి పొద్దున్న తన వరండాలోనే కూర్చుని వెళ్ళింది. వీణ అన్న మాటతో జేబులోని వాసన కూడా ఎక్కడిదో గుర్తొచ్చింది. చిన్నప్పుడు విజయనగరంలో అక్క ఇంట్లో, వీణ మెట్లు కదిలిపోతే మనిషిని పిలిపించి తిరిగి కట్టించేవారు. ఇల్లంతా ఈ వాసనే వేసేది.

రుమాలు విప్పి ముద్దని బల్ల మీద పెట్టాడు.

“వెనక సీటు కింద కన్నాలు దీంతో పూడ్చారు. ఏమిటో చెప్పు.”

ఉపేంద్ర ముద్దని అందుకుని వాసన చూశాడు. కొంచెంసేపు కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి మొహంలో రక్తం లేదు.

“నేనే చేసినానండి,” అన్నాడు.

“నేనడిగింది అది కాదు.”

“పెట్టె నేనే జరిపినాను. పృథ్వీరాజ్ గారిని నేనే చంపినాను. సి.ఐ. గారిని పిలవండి, రాయించుకోమనండి.”

“పెట్టె జరపడానికి ఎవరొచ్చారని రాత్రంతా అడిగితే, తెలీదని మొత్తుకున్నావట. ఇప్పుడు గుర్తొచ్చిందా? అది వీణ మెట్లు నిలబెట్టే మైనం. మీ మామగారు వీణలు బాగుచేస్తారన్నావు. ఆయన కూతురికి మెట్లు కట్టడం చేతనవును.”

ఉపేంద్ర రెండు చేతులూ జోడించాడు.

“కన్నం కనబడితే ఆమె పూడ్చకుండా ఉండలేదండి. నున్నగా అదిమితే గాని ఆమె చేతికి తోచదు. ఇంత పని చేస్తూ కూడా పడవలోకి నీళ్ళొస్తాయని పూడ్చినాది, చూడండి.” “మీకు దణ్ణం పెడతాను. మా ఇంట్లోవాళ్ళ పేరు మాత్రం ఎత్తకండి. తప్పు నాది. ఆ పాట పెట్టింది నేను.”

కూర్మనాథం బయటికొచ్చి ఆశ్రితకి ఫోన్ చేశాడు. స్విచాఫ్. ఆయన చెయ్యలేదండి, ఆ సంగతి నాకు తెలుసు. పొద్దున్న ఆమె అబద్ధమాడలేదు. ఆమె పన్నిన వలలో తన మొగుడే చిక్కుకున్నాడు. చిక్కించింది యమున పాట. ఇప్పుడు ఆమె కోపం శుక్రవారం నాటికన్నా రెట్టింపై ఉంటుంది. గంగరాజుకి సంగతి చెప్పి, యమున ఇంట్లో ఎవరున్నారని అడిగాడు. విశాలి ఉంది కదండీ అన్నాడు.

ఫోన్లో ఆ పేరు వెతికి కూర్మనాథం ఆగిపోయాడు. చెబితే, యమునని కాపాడింది విశాలే అవుతుంది. మళ్ళీ టీవీలు, మళ్ళీ ఆ నవ్వు. తనే వెళితే? ఆమదాలవలస ఎంత దూరం గనక? అలా అనుకుంటూ నాలుగడుగులు కారు దాకా నడిచేశాడు కూడా. తలుపు మీద చెయ్యి వేశాక బుద్ధొచ్చి ఫోన్ కలిపాడు.

“యమున నీ దగ్గరే ఉందా?”

“లేరండి. ఆయన పోయిన చోటు ఒకసారి చూడాలని ఏడుస్తున్నారు. పెద్దవాళ్ళు వద్దన్నా వినలేదు. మొగ దగ్గరికి బయల్దేరి అరగంట దాటింది.”

“తోడెవరు?”

“ఆశ్రితగారు. పాపం, మొగుడు లాకప్పులో ఉన్నా ఈవిణ్ణి ఓదార్చడానికి వచ్చింది. అవతలి ఒడ్డున నాటుపడవ మాట్లాడానంది. నేనే నా కారిచ్చి పంపాను.”

“విశాలీ, లక్ష్ముడు ఇంటోళ్ళన్నాడు. మీ నాన్న మీ అమ్మని బయట ఏమని చెప్పేవాడు?”

“ఇంట్లోవాళ్ళని,” అంది విశాలి. విజయనగరం పిల్ల, విడమర్చి చెప్పక్కర్లేకపోయింది.

కూర్మనాథం గుండెల్లో చల్లగా ఏదో పారింది. విశాలి తప్పు చేసింది. ఘోరమైన తప్పు. రెప్పపాటు కాలం ఆయనకి ఎంత హాయిగా ఉందంటే, అది తెలిసి ఒళ్ళు జలదరించింది. ఆదివారం పొద్దున్న ఆశ్రిత ఇంట్లో కూర్చుని ఎదురుచూసింది ఈ హాయి కోసమే.

“గంగరాజు జీపు నా వెనకే వస్తుంది,” అన్నాడు కారు స్టార్టు చేస్తూ. “నీ డ్రైవరుకి ఫోన్ చెయ్యి. ఏదో ఒక వంక పెట్టి దారిలో ఆపమను. వాళ్ళని పడవెక్కనివ్వద్దను.”

ఈసారి విశాలి గొంతులో టీవీ లేదు. ఆరేళ్ళ క్రితం గుమ్మంలో నిలబడ్డ పిల్ల ఉంది.

“డ్రైవరు లేడు మాస్టారూ. కారు ఆశ్రితగారే నడుపుతున్నారు.”